ఇంటికొక రేకుబిళ్ళ

కనకం కొట్లో అరువు లేదు, కొసరు లేదు, జాలి లేదు. ఈ మాట రైలు కోటర్ల లైన్లలో వాళ్ళు ఎత్తిపొడుపుగా అనేవారు. కనకం మాత్రం బోర్డు కట్టి రాయించుకోవలసిన మాటలా వినేది. బిలాస్‌పూర్ లోకో షెడ్డు గేటుకి ఎదురుగా, రేకు కప్పు వేసిన కొట్టు. చోళ్ళు, బియ్యం, చింతపండు, బెల్లం, ఎండుచేపలు. షెడ్డు వెనక లైన్లలో ఎనభై నాలుగు కోటర్లు. వాటిలో ఉన్నవాళ్ళు దాదాపు అందరూ బొబ్బిలి, పాలకొండ, చీపురుపల్లి వైపు నుంచి రైలు పని వెంట వచ్చినవాళ్ళే. కనకం మొగుడు కూడా అలాగే వంతెన పనికి వచ్చాడు. వంతెన లేచేలోపు జ్వరం తగిలి పోయాడు. ఊరికి వెళ్ళిపొమ్మని అందరూ చెప్పారు. ఆ దారిఖర్చుతో ఆవిడ రెండు కుంచాల చోళ్ళు కొని, గేటు దగ్గర అంబలి కుండ పెట్టింది. పదేళ్ళలో ఆ కుండే కొట్టయింది.

వ్యాపారంలో ఆవిడ నమ్మిన కిటుకు ఒకటే. బస్తా మూతి విప్పి ముందు పెడితే కొనడానికి వచ్చినవాడు బెదురుతాడు. అదే సరుకు గుప్పెడు తీసి వాడి అరచేతిలో పోస్తే, ఆ గుప్పెడు అప్పటికే వాడిదైపోతుంది. కనకం ఎప్పుడూ అరచేతిలోనే పోసేది.

పందొమ్మిది వందల సంవత్సరం నాటి మాట. కిందటేడు వానలు సగంలోనే చేతులెత్తేశాయి. అర్పా నది ఇసకబయలు అయిపోయింది. మూడేళ్ళ కిందటే ఒక కరువు చూసిన పల్లెలు, మళ్ళీ లేచి నిలబడకముందే ఇంకోటి వచ్చి మీద పడింది.

మొదట వచ్చింది ఒక్కతే. ఫాల్గుణంలో ఒకనాటి పొద్దున్న, ఇంజన్ల బూడిద దింపే గోతి పక్కన, వెచ్చదనానికి కాబోలు, మూడేళ్ళ ఆడపిల్ల ముడుచుకుని పడుకుని ఉంది. ఫిట్టరు పైడిరాజు ఎత్తుకొచ్చాడు. పేరు అడిగితే దుకల్హిన్ అంది. దుకాల్ అంటే ఇక్కడివాళ్ళ మాటలో కరువు. కరువులో పుట్టిన పిల్లకి ఆ పేరు పెట్టడం ఇక్కడి అలవాటు. పాత కరువులో పుట్టిన పిల్ల కొత్త కరువులో దొరికింది.

ఆ పూట లైన్లన్నీ కదిలాయి. గూడ్సు గుమస్తా రమణమూర్తిగారి భార్య లక్ష్మీనరసమ్మ గడప దాటని మనిషి. ఆవిడ కూడా ఇత్తడి గ్లాసుతో పాలు పంపింది. ఒకరు గౌను కుట్టి తెచ్చారు. ఒకరు నూనె రాశారు. ఏడిళ్ళ నుంచి ఏడు గిన్నెల జావ వచ్చింది. సాయంత్రానికి మిగిలినదాన్ని కనకం కంటితోనే కొలిచింది.

"సూసావా అప్పా, మన లైన్లోళ్ళ మనసు!" అన్నాడు పైడిరాజు కనకంతో, ఛాతీ విరుచుకుని. వాళ్ళ వైపు అక్కని అప్పా అంటారు. పిల్లని అప్పటికే తన ఇంట్లో ఉంచేసుకున్నాడు.

"సూసాను. ముప్పై మందికి సరిపోయింది వొచ్చింది. గుంటకి పొట్ట ఒకటే కదా. మిగిలింది ఏటి సేస్తావు?"

"ఇంకెవరన్నా వొస్తే పెడదాం."

వచ్చారు. ఉగాది నాటికి నలభై మంది, ఆ తరవాతి వారానికి నూట ఇరవై. సర్కారు కరువు పనులు దూరాన జరుగుతున్నాయి. తట్ట మోయగలిగినవాళ్ళు అక్కడికి పోయారు. ఇక్కడికి చేరినవాళ్ళు తట్ట ఎత్తలేనివాళ్ళు: ముసలాళ్ళు, చంకలో పిల్లలున్న తల్లులు, కాళ్ళు పొంగినవాళ్ళు. పైడిరాజు షెడ్డు వెనక పెద్ద కుండ ఎక్కించాడు. ఇంటికి సోలెడు గింజలు అడిగాడు. మొదటి రోజు ఎనభై నాలుగిళ్ళూ పోశాయి. ఎనభై నాలుగు సోలలు, అంటే అయిదు కుంచాల మీద ఒక మానిక.

పైడిరాజు పని తెలిసినవాడు, నిజాయితీపరుడు. కానీ రైలు మనిషి. రైలువాళ్ళకి ఏ సంగతైనా నల్లబోర్డు మీద సుద్దతో రాస్తేగాని జరిగినట్టు కాదు. బండి ఎన్నింటికి వచ్చింది, ఎంత ఆలస్యం, ఏ ఇంజను రిపేరులో ఉంది, అన్నీ బోర్డు మీదే ఉండాలి. అందుకని లైన్ల మొదట్లో ఒక బోర్డు నిలబెట్టి, రోజూ పొద్దున్నే రాసేవాడు: "ఈవేళ మన కుండ దగ్గర 120." మర్నాడు 150. అంకె పెరిగితే జనం మనసు కరుగుతుందని ఆయన నమ్మకం.

గింజలు తగ్గాయి. 150 అని రాసిన రోజు నాలుగు కుంచాలు. 190 అని రాసిన రోజు మూడు. సంగతి జనానికి అందలేదేమోనని పైడిరాజు అంకెని ఇంకా లావుగా దిద్దాడు. పక్కనే చచ్చిపోయినవాళ్ళ అంకె కూడా వేశాడు. రెండు కుంచాలకి దిగింది. 231 అని రాసిన రోజు కుంచం మీద రెండు మానికలు వచ్చాయి. కుండలో జావ పలచబడి, పలచబడి, అడుగు కనిపించింది.

ఆ రోజు పైడిరాజు కుండ పక్కన కూలబడిపోయాడు.

"అయిపోయిందప్పా. రేపటికి కుండ బోర్లించేస్తాను. మనోళ్ళ గుండెలు రాళ్ళయిపోనాయి."

ఆ తెలుగు మాటలు జావ కోసం వరసలో కూర్చున్నవాళ్ళకి అర్థం కాలేదు. ముఖం అర్థమైంది. ఎదురుగా ఉన్న ఒక తల్లి చేతిలో చిప్పని మెల్లిగా కింద పెట్టేసింది. ఏడుపు లేదు, అడగడం లేదు. సరుకు అయిపోయిందని తెలిసిన మనిషి గుమ్మం నుంచి తిరిగిపోయినట్టు, అంతే.

కనకం అది చూసింది. జాలిపడిందో లేదో ఆవిడకే తెలియదు. ఆవిడకి ఒళ్ళు మండింది మాత్రం నిజం. కట్టిన కొట్టు మూసుకోవడం ఆవిడకి చేతకాదు. వరసలో వాళ్ళ వైపు తిరిగి, వాళ్ళ మాటలోనే గట్టిగా చెప్పింది. వాన పడేదాకా ఈ పొయ్యి ఆరదు, ఇది తన మాట అని. తల్లి చిప్పని మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

"అప్పా, ఏ ధైర్యంతో అన్నావు?" అన్నాడు పైడిరాజు గాభరాగా. "నీ కొట్టు మొత్తం ఊడ్చి పోసినా పది రోజులు రాదు."

"కొట్టు ఊడ్చి పోసే మొకవేనా నాది? రేపూ ఎల్లుండీ నా సోళ్ళు వాడుకో. నాకు రెండు రోజులు కావాలి. ఆ బోర్డు తుడిసెయ్యి ముందు."

"బోర్డేం సేసిందప్పా?"

"తుడిసెయ్యి."

మధ్యాహ్నం కనకం లైన్ల మీద పడింది. మొదట వెళ్ళింది పదిహేడో నంబరు కోటరుకి, లక్ష్మీనరసమ్మ దగ్గరికి. ఒకప్పుడు పాలు పంపిన ఇల్లు. పది రోజులుగా గింజ పంపలేదు. ఈవిడ పిసినారితనం కడిగి వద్దామనే వెళ్ళింది కనకం.

తలుపు కొట్టగా కొట్టగా తెరుచుకుంది. లక్ష్మీనరసమ్మ కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"గింజలకోసమేనా కనకం? తీసుకుపో. బస్తా అంతా తీసుకుపో. నాకు మాత్రం ఆ సంఖ్య చెప్పకు."

"ఏ సంఖ్య అమ్మగారూ?"

"ఆ బోర్డు మీది. ఆయన ఆఫీసునుంచి వచ్చి రోజూ చెబుతారు. ఈవేళ నూట తొంభైట, ఈవేళ రెండువందలట. నేను పోసిన సోలెడు ఎవరి గొంతు తడిపిందో నాకు తెలుస్తుందా? ఆ పసిపిల్లకి పాలు పంపిన రోజు కడుపు నిండినట్టుండేది. ఇప్పుడు ఎంత పోసినా ఏమీ పోయనట్టే ఉంది. తలుపేసుకుంటేనే అన్నం దిగుతోంది. మహాపాపిని కదూ?"

కడిగేద్దామని వెళ్ళిన కనకం కడగకుండానే గడప దిగింది. ఇంకో పది తలుపులు తట్టింది. మాటలు వేరు, సంగతి అదే. ఎవరి గాదె ఖాళీ కాలేదు, ఎవరి గుండె రాయి కాలేదు. అందరూ బస్తా చూసి బెదిరినవాళ్ళే.

తిరిగొస్తూ ఉంటే ఎన్నేళ్ళుగానో తలుచుకోని సంగతొకటి ముందుకొచ్చి నిలబడింది. ఆవిడకి ఎనిమిదేళ్ళప్పుడు గంజాం వైపంతా కరువు. సంతతోపులో వందలమంది వరస కట్టి కూర్చుంటే, తల్లి ఆవిడ జబ్బ పట్టుకుని వరసలోంచి బయటికి లాగింది. "ఈళ్ళతో కూకోకే. ఈళ్ళందర్నీ సూస్తే ఎవుళూ ఏటీ ఇవ్వరు. అదిగో, ఆ గుమ్మంకాడికెళ్ళి ఒక్కదానివీ నిలబడు. అడక్కు. నిలబడంతే." కనకం నిలబడింది. ఆ ఇంటి ఇల్లాలు లోపలినుంచి చూసి, చూసి, చివరికి చట్టితో అంబలి తెచ్చింది. గుప్పెడు పోసే కిటుకు కొట్టు పెట్టాక నేర్చుకున్నదని అనుకుంటూ వచ్చింది ఇన్నాళ్ళూ. కాదు. అది ఆ గుమ్మం దగ్గర నేర్చుకున్నది. పుచ్చుకునే వైపు నుంచి నేర్చుకున్నది.

షెడ్డుకి వెళ్ళి పైడిరాజుని పిలిచింది.

"మీ షెడ్డులో డూటీకొచ్చే ప్రెతీవోడికీ ఒక ఇత్తడి బిళ్ళ ఇస్తారు కదా, నంబరేసి?"

"అవును. అది మేకుకి తగిలిస్తే మనిషి వొచ్చినట్టు. లేదంటే రానట్టు."

"కిరసనాయిలు డబ్బాల రేకు కోసి అలాటియి ఎనబై నాలుగు సెయ్యి. ఒక్కోదాని మీద ఒక్కో కోటరు నంబరు కొట్టు. రేపటినుంచి మనం గింజలకి ఎళ్ళం. ఆ బిళ్ళ మెళ్ళో ఏసుకుని, కుండకాడున్న మనిషే ఎళ్తాడు. ఇంటికి ఒకడు. రోజూ అదే మనిషి, అదే గుమ్మం. సోలెడు పోయించుకుని, ఆడే తెచ్చి కుండలో పోస్తాడు."

పైడిరాజు వేళ్ళు ముడిచి లెక్క చూసుకున్నాడు. "ఎనబై నాలుగిళ్ళు. రెండొందల ముప్పై ఒక్కరు. మిగతా నూట నలభై ఏడుగురూ ఏ గుమ్మానికి ఎళ్తారప్పా?"

"ఏ గుమ్మానికీ ఎళ్ళరు. సోలెడు గింజలు జావ కాస్తే ఎందరికి?"

"ముగ్గురికి... సరిగ్గా కాస్తే."

"మరి? గుమ్మంలో ఒకడు కనబడాలి. మిగతా ఇద్దరూ కుండకాడ తింటారు. పోసినోళ్ళకి ఒకడి కడుపు నిండినట్టుంటాది, మనకి ముగ్గురివి నిండుతాయి."

"అచ్ఛా!" అన్నాడు పైడిరాజు, నోరు తెరిచి. తరవాత కొంచెం నసిగాడు. "మోసం కాదేటి?"

"తూకంలో తక్కువిస్తే మోసం. ఎక్కువిస్తే మోసమేటి?"

ఎవరిని ఏ గుమ్మానికి పంపాలో కనకం కూర్చుని తేల్చింది. చీరల కొట్టువాడు మనిషిని చూసి రంగు తీసినట్టు తీసింది. అత్త పోయిన దిగుల్లో ఉన్న ఇంటికి బోసినోటి ముసలమ్మ. పిల్లల్లేని పాయింట్స్‌మన్ శంకరరావు ఇంటికి పన్నెండేళ్ళ పిల్ల. పదిహేడో నంబరుకి మాత్రం ఏరి కోరి బిసాహూ అనే ముసలాణ్ణి పంపింది. కరువు వాడి ఒంట్లో మాంసమంతా తిన్నా నాలుక జోలికి పోలేదు. ఉప్పు లేదని ఒకనాడు, జావ మాడిందని ఒకనాడు పోట్లాట.

"ఆణ్ణా? ఆ అమ్మగారికా?" అన్నాడు పైడిరాజు.

"ఏడిసేవోళ్ళని మర్సిపోవొచ్చు. పోట్లాడేవోణ్ణి మర్సిపోలేం."

మొదటి రోజు బిళ్ళలు మెడలో వేసుకుని ఎనభై నలుగురు లైన్లలోకి వెళ్ళారు. గుమ్మాల్లో నిలబడ్డారు. అడగొద్దని కనకం ముందే చెప్పింది. డెబ్బై తొమ్మిది సోలలు వచ్చాయి. మూడో రోజుకి ఎనభై నాలుగూ వచ్చాయి. వారం తిరిగేసరికి లైన్లలో మాటల తీరే మారిపోయింది. నుయ్యి దగ్గర ఆడవాళ్ళు "కరువువాళ్ళు" అనడం మానేశారు. "మా ముసల్దానికి దగ్గు తగ్గింది", "మా పిల్ల ఈవేళ నవ్విందే" అంటున్నారు. పదిహేడో నంబరులో రోజూ కచేరీయే.

"నిన్న పోసిన బియ్యంలో రాళ్ళున్నాయట!" అని లక్ష్మీనరసమ్మ వీధరుగు మీదనుంచి కనకాన్ని కేకేసింది. "పెట్టించుకునేవాడికి ఎంత పొగరే! చేట తెమ్మని నాకే చెబుతాడు!"

"మార్సేయమంటారా అమ్మగారూ? నెమ్మదైనోణ్ణి పంపుతాను."

"అక్కర్లేదు. రేపు చెరిగి పోస్తాను. ఏమంటాడో చూస్తా."

కనకం మొహం తిప్పుకుని నవ్వుకుంది.

ఇలా నెల గడిచింది. వైశాఖం ఎండలు. ఒకరోజు పొద్దెక్కినా బిసాహూ పదిహేడో నంబరుకి వెళ్ళలేదు. కనకం కుండ దగ్గర ఆ రోజు గింజలు కొలుస్తూ తల ఎత్తి చూసేసరికి, లైన్ల వైపునుంచి లక్ష్మీనరసమ్మ వస్తోంది. గడప దాటని మనిషి, నెత్తిన కొంగు కప్పుకుని, చేతిలో బియ్యం సోలతో, బొగ్గుదారి వెంట వట్టి కాళ్ళతో వస్తోంది.

కనకం కొలవడం ఆపి లేచింది. షెడ్డు వెనక రెండువందల మంది పైచిలుకు వరసగా కూర్చుని ఉన్నారు. ఈవిడ ఇది చూస్తే మళ్ళీ తలుపు మూస్తుంది. ఈవిడ మూస్తే నుయ్యి దగ్గర మాట పాకుతుంది, ఇంటికొకడు కాడు ముగ్గురని. రెండు రోజుల్లో బోర్డు నాటి లెక్కకి దిగిపోతుంది. వానకి ఇంకా నెల పైన ఉంది. ఎదురెళ్ళి ఆపబోయింది.

"అమ్మగారూ, ఇటెందుకొచ్చారు, ఎండలో? నాను సూసి సెబుతాను."

"బిసాహూ రాలేదేం? బియ్యం చెరిగి పెట్టుకుని కూచున్నాను."

అప్పటికే ఆవిడ షెడ్డు మలుపు తిరిగింది. నిలిచిపోయింది. ఆ వరసని ఈ కొసనుంచి ఆ కొసదాకా చూసింది. కనకం ఆవిడ చేతిలోని సోల వైపే చూస్తోంది. అందులోంచి గింజ ఒలకలేదు.

బిసాహూ నీళ్ళ తొట్టి నీడలో పడి ఉన్నాడు. ఒళ్ళు కాలిపోతోంది. లక్ష్మీనరసమ్మ ఆ వరస పక్కనుంచే నడిచి వెళ్ళి, వాడికి రెండు బారల దూరంలో ఆగింది. ఆవిడ ఆచారం ఆవిడకుంది. ఒక్క క్షణం. ఆ తరవాత దగ్గరికెళ్ళి కూర్చుని, కొంగు చివర తొట్టిలో తడిపి వాడి పెదాల మీద పిండింది. వాడు కళ్ళు తెరిచి, నీళ్ళు వేడిగా ఉన్నాయని గొణిగాడు.

"బతుకుతాడు," అంది లక్ష్మీనరసమ్మ. లేచి, సోల కనకం చేతికిస్తూ నిలదీసింది. "ఎనభై నాలుగు ఇళ్ళకి ఇంతమందా? నా సోలెడు ఎంతమంది తింటున్నారే?"

అబద్ధం ఆడవచ్చు. బేరంలో కనకం అబద్ధాలాడని మనిషేం కాదు. కానీ ఆ తడికొంగు చూశాక నోరు రాలేదు.

"ముగ్గురు, అమ్మగారూ."

"బిసాహూ ఒక్కడేనని కదా పంపావు?"

"అవును. ముగ్గుర్నీ పంపితే మీరు తలుపేసుకుంటారని."

లక్ష్మీనరసమ్మ మళ్ళీ వరస వైపు తిరిగింది.

"మిగతా ఇద్దరూ ఏరీ?"

"ఏటమ్మా?"

"నావాళ్ళు మిగతా ఇద్దరూ ఎవరే? వాళ్ళ పేర్లేమిటి? ముగ్గురికి పోస్తున్నానని తెలిస్తే సోలకి తలకొట్టి, అంచుకి సమంగా పోస్తానా? నెలరోజులుగా వాళ్ళు అరకడుపుతో ఉంటే, నేను ఒకడికి వడ్డించానని మురిసిపోతున్నానా?"

కనకానికి సరుకు ఇంత పై ధరకి ఎప్పుడూ పోలేదు. ఆ పూటే ఇంకో నూట నలభై బిళ్ళలు కోయమని పైడిరాజుకి చెప్పింది. ఒకేసారి పంచలేదు, అంత తెలివితక్కువది కాదు. ముందు రెండో మనిషిని గుమ్మంలో నిలబెట్టింది, ఆ ఇల్లు వాడి పేరు నేర్చుకున్నాకే మూడోవాణ్ణి. ఏ గుమ్మంలోనూ ముగ్గురు ఒకేసారి నిలబడలేదు. ఎవరికీ అతకని ఏడుగురు మిగిలారు. వాళ్ళకి నంబరు లేని బిళ్ళలు వేసింది.

"ఈళ్ళెవరి లెక్కప్పా?" అన్నాడు పైడిరాజు.

"తరుగు ఎప్పుడూ కొట్టుదే కదరా," అంది కనకం. ఆ ఏడు బిళ్ళలూ తన కొట్టు గుమ్మానికి వచ్చాయి.

మాటిచ్చిన రోజుకి డెబ్బై ఒకటో రోజున వాన పడింది. షెడ్డు వెనక పొయ్యి అప్పటిదాకా ఆరలేదు. ఇరవై ఆరుగురు పోయారు. కనకం ఆ అంకెని ఎవరిదగ్గరా తగ్గించి చెప్పలేదు. మిగిలినవాళ్ళు విత్తనాల వేళకి పల్లెలకి బయలుదేరారు. ఒక్కొక్కరూ బిళ్ళ తీసి ఎవరి గుమ్మంలో వాళ్ళకి ఇచ్చి పోయారు. కుండ బోర్లించింది కనకమే. ఇనస్పెక్షనుకి దొర వస్తున్నాడని, ఎంతమందికి పెట్టామో బోర్డు మీద రాస్తానన్నాడు పైడిరాజు.

"రాసుకో," అంది కనకం. "ఎంత లావుగా కావాలంటే అంత లావుగా రాసుకో. ఇంక భయం నేదు."

ఆ ఏడు పంట పండింది. పుష్య పున్నమికి ఈ ప్రాంతమంతా ఛేర్‌ఛేరా పండగ. ఆ రోజు ఉన్నవాడూ లేనివాడూ సంచి పట్టుకుని గుమ్మం గుమ్మానికీ తిరిగి, పండగ పేరే కేకేసి కొత్త ధాన్యం అడుగుతారు. అడగడం చిన్నతనం కాదు. అందరూ అడుగుతారు, అందరూ ఇస్తారు.

పొద్దున్నే లైన్లలోకి ఆ బిళ్ళలవాళ్ళు పందొమ్మిది మంది వచ్చారు. కనకం కొట్లోంచే లెక్కపెట్టింది. ఎవరి నంబరు గుమ్మానికి వాళ్ళు వెళ్ళారు. అడగడానికి కాదు. సంచుల్లోంచి కొత్త బియ్యం తీసి గడపల మీద పోశారు. పాయింట్స్‌మన్ ఇంటి ముందు ఆ పన్నెండేళ్ళ పిల్ల చుట్టూ పదిమంది మూగారు. పైడిరాజు వాకిట్లో దుకల్హిన్ కొత్త గౌనుతో పరుగులు పెడుతోంది. పదిహేడో నంబరు అరుగు మీద లక్ష్మీనరసమ్మ చేట పట్టుకుని, బిసాహూ తెచ్చిన బియ్యంలో రాళ్ళు ఏరి వాడికే చూపిస్తోంది. లైన్లన్నీ వినేలా వాదించుకుంటున్నారు. కనకం నడుం మీద చేతులు పెట్టుకుని, తనే కట్టించిన ఊరిని చూసినట్టు చూసింది.

కొంతసేపటికి బిసాహూ రోడ్డు దాటి వచ్చి కొట్టు ముందు నిలబడ్డాడు. ఒక్కడే. నేరుగా కనకం కళ్ళలోకి చూసి, ఖాళీ సంచి మూతి విప్పి, గొంతెత్తి అరిచాడు.

"ఛేర్‌ఛేరా!"

అరువూ కొసరూ లేని కొట్టు ముందు అలా అరిచినవాడు ఇంతకు ముందు లేడు. పక్క కొట్లవాళ్ళు తలలు బయటికి పెట్టారు. కనకం లోపలికి వెళ్ళి, సోల పక్కన పెట్టి, మానిక తీసుకుంది. బియ్యం నిండా పోసి, తల కొట్టకుండా, రాశిగా తెచ్చి సంచిలో వంచింది.

బిసాహూ సంచిని ఎత్తి చేత్తో తూచి చూశాడు.

"తక్కువుంది," అన్నాడు.

కనకం మళ్ళీ లోపలికి వెళ్ళింది.